ఆ గదిలోంచి ఎందుకు లేచావు?

ఫిబ్రవరి 9

ఒరేయ్ బుడ్డోడా,

నువ్వు బ్యాంకు మానేసి ప్రభుత్వంలో చేరిన సంగతి నాకు ఎవరు చెప్పారో తెలుసా? టైలరు! మా వర్క్‌షాపు గేటుకి ఎదురుగా మిషను వేసుకుని కూర్చుంటాడే, ఆ టైలరు. మేం చేసిచ్చిన పెట్టుడు కాలుతో టకటకా మిషను తొక్కుతూ, పేపరు నా మొహం మీదికి చాపి, "మేడమ్, ఆర్థిక శాఖకి కొత్త కార్యదర్శి వచ్చాడట. ఈయన ముక్కు చూస్తే మీ ముక్కులాగే ఉందేమిటి?" అన్నాడు. ముక్కేం ఖర్మ, మనిషంతా నువ్వే. కోటూ టైతో మంత్రి పక్కన నిలబడి పళ్ళికిలిస్తున్నావు. సొంత అక్కకి చెప్పడానికి తీరిక లేదు గానీ ఫోటోకి నవ్వడానికి మాత్రం తీరిక దొరికింది.

ఫోను చేద్దామనే అనుకున్నాను. చేస్తే నేను అరుస్తాను, నువ్వు "మీటింగులో ఉన్నానక్కా" అని పెట్టేస్తావు. అందుకే మన ఇంటి పద్ధతే మంచిదనుకున్నాను. గుర్తుందా? నాన్నది రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. ఇంట్లో ఎవరూ గొంతెత్తకూడదు. మనమేమో పామూ ముంగిసా. అందుకని అమ్మ మన కొట్లాటలన్నీ కాగితం మీద పెట్టించేది. తిట్టాలనుకున్నది రాసి తలుపు కింద నుంచి తొయ్యాలి. అవతలివాళ్ళు జవాబు రాసి తీరాలి. మూడో మనిషికి చూపించకూడదు. అమ్మ పోయినా ఆ రూల్సు పోలేదు.

ఇక అసలు తిట్టు. "బ్యాంకులో ఏం చేస్తావురా" అని అడిగితే "కంపెనీలకి పెళ్ళిళ్ళు చేస్తానక్కా" అనేవాడివి. నాకు తెలిసి నువ్వు చేయించినవన్నీ విడాకులే. ఒక కంపెనీని కొనిపించడం, ముక్కలు చెయ్యడం, ముక్కకో ధర కట్టి అమ్మించడం. దానికి నీకో కారు, ఓ మేడ. ఇప్పుడు ప్రభుత్వం నిన్నెందుకు పిలిచిందో అర్థం చేసుకోలేనంత అమాయకురాల్ని కాను. ఏం అమ్ముతావో అమ్ముకో. ఈ పెట్టుడు కాళ్ళ వర్క్‌షాపు కూడా ప్రభుత్వానిదేననీ, ఇందులో పెద్ద టెక్నీషియన్ నీ అక్కేననీ మాత్రం బుర్రలో ఒక మూల పెట్టుకో.

జవాబు రాయి.

కోపంగా,
అక్క

---

ఫిబ్రవరి 20

అక్కా,

తిట్లు అందాయి. తలుపు కింద నుంచి వచ్చినప్పుడు ఎంత వేడిగా ఉండేవో అంత వేడిగానూ ఉన్నాయి.

ముందే చెప్పకపోవడం తప్పే. చెబితే "ఎందుకు మానేశావు" అంటావు, అది ఫోనులో తేలే ముచ్చట కాదు. కిందటేడాది ఒక ఆసుపత్రుల కంపెనీ అమ్మకానికి వచ్చింది. అమ్మేవాళ్ళకి సలహా చెప్పేది మా బ్యాంకే, కొనేవాళ్ళకి చెప్పేదీ మా బ్యాంకే. రెండు గదులు, మధ్యలో కారిడార్. ఒక గదిలో "ఇంతకు తక్కువైతే ఒప్పుకోకండి" అని చెప్పి, కారిడార్‌లో టై మార్చుకుని, రెండో గదిలోకెళ్ళి "ఇంతకు మించి ఇవ్వకండి" అని చెప్పాను. రెండు గదుల్లోనూ కూర్చున్నది నేనే. ఎవరూ తప్పనలేదు సరికదా, బోనసు ఇచ్చారు. ఆ బోనసు పట్టుకుని ఇంటికొస్తే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇక్కడ చేరిన రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నీ వాళ్ళ లాభనష్టాలకి సంబంధించిన ఫైలు వస్తే ఆ గదిలోంచి లేచి బయటికి వెళ్ళిపోవాలి అని. అది చదువుతుంటే ఎంత హాయిగా అనిపించిందో! లేవాల్సిన చోట లేవమని చెప్పే ఉద్యోగం ఇన్నాళ్ళకి దొరికింది. జీతం మాటంటావా, ఆ అంకె చూశాక నీ మరదలు నాతో మాట్లాడటం తగ్గించింది. అది కూడా ఒక రకంగా లాభమే అనుకో, ఈ మాట దానికి చెప్పకు.

నా గది పాతది. కిటికీ సగమే తెరుచుకుంటుంది. బల్ల మీద గాజు పలక కింద నాకు ముందున్నాయన పెట్టుకున్న బస్సు టైములు ఇంకా అలాగే ఉన్నాయి. పీఏ ఆవిడ ఉంది చూశావూ, చేతిలో కాగితం పడితే చాలు ముద్ర కొట్టి నంబరు వేసేస్తుంది. మొన్న క్యాంటీను నుంచి వచ్చిన టీ చీటీకి కూడా నంబరు పడింది. నేను నవ్వితే ఆవిడ నవ్వలేదు. క్వార్టర్స్ ఇంకా ఇవ్వలేదు, గెస్ట్‌హౌసులో ఉంటున్నాం, అక్కడికి రాస్తే ఉత్తరాలు పోతున్నాయి. నీ తిట్లు ఆఫీసు అడ్రసుకే పంపు.

వర్క్‌షాపు సంగతి బుర్రలోనే ఉంది. కాస్త నమ్మకం పెట్టుకో.

నీ బుడ్డోడు
(ఇక్కడ అందరూ సార్ అంటారు. నువ్వూ అలవాటు చేసుకుంటే బాగుంటుంది.)

---

మార్చి 28

ఒరేయ్ బుడ్డోడా,

నిన్ను సార్ అనాలా? అంటాను. సార్, తమరు నా కొంప ముంచారు సార్.

ఇవాళ పొద్దున ఇద్దరు మగాళ్ళు టేపులు పట్టుకుని గేటు దూకినంత పని చేసి లోపలికొచ్చారు. వెనకాల ఓ అమ్మాయి, చేతిలో ప్రశ్నల కాగితాలు. "ఎవరయ్యా మీరు" అంటే ఆర్డరు చూపించారు. కింద నీ సంతకం! చిన్నప్పుడు నా నోటుబుక్కుల మీద గీసి గీసి నేర్చుకున్న సంతకం, అదే వంకర. ప్లాస్టరు గది కొలిచారు. ఓవెన్ల గది కొలిచారు. మావాళ్ళు కొత్త కాలు తొడుక్కుని కమ్మీలు పట్టుకుని నడక నేర్చుకుంటారే, అద్దం ఉన్న గది, అదీ కొలిచారు. ఒకామె ఆ కమ్మీల మధ్య నడుస్తుంటే "కొంచెం పక్కకి జరగమ్మా" అని ఆమె కాళ్ళ మధ్య నుంచి టేపు లాగారు. రోడ్డు వైపు గోడనైతే రెండుసార్లు కొలిచారు, ఎంత ముద్దొచ్చిందో ఆ గోడ!

అది కూడా ఓర్చుకున్నాను. ఆ అమ్మాయి వెళ్ళి టైలరు దగ్గర కూర్చుని, "ఈ కాలు లేకపోతే మీకు రోజుకి ఎంత నష్టం?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి కాలుకి ధర కడుతున్నావా? నా చేతిలో ప్లాస్టరు బకెట్టుంది. విసిరానని ఎవరైనా అంటే నమ్మకు, జారింది. ముగ్గురూ కాళ్ళకి బుద్ధి చెప్పారు.

ఈ జాగా మీద ఎవరెవరి కళ్ళున్నాయో నాకు తెలుసు. ఊరి నడిబొడ్డున ఉందిగా. మా పనిని ఊరవతల ఏదో ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తారట, వాళ్ళు సైజులవారీగా తయారు చేసి పెట్టిన కాళ్ళు ఇస్తారట. కాలంటే చెప్పుల జత అనుకుంటున్నావా? కోసిన చోట మిగిలిన కాలు పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రం వాచి ఇంకోలా ఉంటుంది, ఏడాది తిరిగితే సన్నబడుతుంది. ఒక మనిషి పది మాట్లు వచ్చి చూపించుకుంటే గానీ కాలు కుదరదు. గేటు ముందు బస్సు ఆగుతుంది కాబట్టి వస్తున్నారు. ఊరవతల పెడితే ఎలా వస్తార్రా, కుంటుకుంటూనా? ఒరుసుకుని పుండు పడితే కాలు విప్పి మూలన పడేసి ఇంట్లో కూర్చుంటారు.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? నువ్వు నా తమ్ముడివే అయితే ఆ ఫైలు ఆపు. ఆపలేదో, నిన్ను ఎత్తుకు తిప్పిన ఈ చేతుల్తోనే నీ చెవి మెలేసి మీ ఆఫీసు మెట్ల మీద కూర్చోబెడతాను. మంత్రి వచ్చి విడిపించినా వదలను.

అక్క

---

ఏప్రిల్ 8

ఆర్థిక శాఖ కార్యదర్శి వారి కార్యాలయం

గౌరవనీయులైన మేడమ్,

విషయం: "ఒరేయ్ బుడ్డోడా" అని ప్రారంభమయ్యే మీ ఉత్తరం గురించి.

పైన పేర్కొన్న మీ మార్చి 28వ తేదీ ఉత్తరం ఈ కార్యాలయమునకు చేరినది. ఉత్తరములోని విషయము పరిశీలనలో ఉన్న ఫైలునకు సంబంధించినది అగుటచే దానిని సదరు ఫైలులో చేర్చడమైనది. తగు చర్య తీసుకొనబడును.

ఇట్లు,
కార్యదర్శి గారి తరఫున
(సంతకం)

---

ఏప్రిల్ 15

గౌరవనీయులైన బుడ్డోడు గారికి,

చేరినదా? చేర్చడమైనదా? తగు చర్య తీసుకొనబడునా?

నేను కడుపు మండి రాస్తే నువ్వు గుమాస్తా చేత జవాబు రాయిస్తావా? ఇంతకన్నా నువ్వు కూడా నన్ను నాలుగు తిట్టి ఉంటే సంతోషించేదాన్ని. ఆ కాగితం చదివి టైలరు పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అవతలివాళ్ళు జవాబు రాసి తీరాలని అమ్మ పెట్టిన రూలు, నీ గుమాస్తాకి పెట్టలేదు.

ఇక రాయను. పెద్దవాళ్ళతో మనకెందుకు.

అక్క అని కూడా రాయబుద్ధి కావట్లేదు

---

మే 6

ఒరేయ్,

రాయనన్నాను. రాయక చస్తానా.

నిన్న మా గేటుకి నోటీసు అంటించారు. వర్క్‌షాపు మూసేస్తారు, జాగా అమ్మేస్తారు, అభ్యంతరాలుంటే ఈ నెలాఖరులోగా చెప్పుకోవాలి, జూన్‌లో ఆఖరి మీటింగు. నోటీసు తెచ్చింది మా శాఖ డైరెక్టరే. పాపం మంచివాడు, మొహం చూపించలేక ప్లాస్టరు గదిలో అటు తిరిగి నిలబడ్డాడు. "మా తమ్ముడు ఏమన్నాడు సార్" అని అడిగాను. ఆయన చెప్పింది విని కాసేపు నా చెవులని నేనే నమ్మలేదు.

నువ్వేమీ అనలేదట! మా ఫైలు తియ్యగానే కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయావట! తలుపు కూడా నెమ్మదిగా వేసి మరీ వెళ్ళావట!

నువ్వు గదిలో కూర్చుని మూసెయ్యమని చెప్పి ఉంటే, సరే, వీడు బ్యాంకు మనిషి, వీడి బుద్ధి ఇంతే అని ఏడ్చి ఊరుకునేదాన్ని. నీ అక్క ముప్పూట ప్లాస్టరులో చేతులు పెట్టి నిలబెట్టిన చోటుని ముక్కలు చేస్తుంటే, లేచి వెళ్ళిపోయావా? దొంగలు పడితే ఇంటివాడు మర్యాదగా బయటికి నడిచినట్టు? అమ్మేవాడికీ కొనేవాడికీ చెరో గదిలో కూర్చుని సేవ చేశావే, మాకోసం ఒక్క గదిలో, ఒక్క ఫైలు తిరగేసినంతసేపు కూర్చోలేకపోయావా?

టైలరు కాలు వదులైపోయింది, కొత్తది చేద్దామని మొన్ననే అచ్చు తీశాను. "మూసేసే లోపు అవుతుందా మేడమ్" అని అడిగాడు. అడుగుతూ కూడా నవ్వుతున్నాడు, నన్ను ఏడిపించకూడదని. ఏం చెప్పమంటావు?

ఒకే ఒక్క ప్రశ్న. గుమాస్తాకి ఇవ్వకు. ఆ గదిలోంచి ఎందుకు లేచావు?

అక్క

---

మే 13

అక్కా,

అడిగావు కాబట్టి చెబుతాను. ఈసారి నాకూ కోపమే. ఎంతంటే, ఈ ఉత్తరం రెండుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను.

నీ వర్క్‌షాపు అమ్మాలన్న ఫైలు నేను చేరకముందే పుట్టింది. జాగా కావాల్సినవాళ్ళు అప్పటికే మంత్రి చెవిలో ఇల్లు కట్టుకుని ఉన్నారు. నేను చేసిందల్లా దాన్ని ఆపి, లెక్కలు సరిగ్గా కట్టించండి అనడం. ఇళ్ళ దళారీకి కూడా గోడలు కొలవడం వచ్చు. నేను పంపించాలనుకున్నది ఆ ప్రశ్నల అమ్మాయిని! ఒక కాలు కుదిరితే మనిషి ఎంత పని చేస్తాడు, కుదరకపోతే ఇంట్లో ఎంతమంది పని మానుకుని కూర్చోవాలి, అది లెక్క కట్టి చూపిస్తే జాగా ధర దాని ముందు దిగదుడుపు. ఆ మాట వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పగలవాణ్ణి ఆ భవనంలో నేనొక్కణ్ణే. ఆ అమ్మాయి మీద నువ్వు ప్లాస్టరు పోశావు. జారిందట! ఆవిడ దగ్గర పూర్తయిన కాగితం ఒక్కటే మిగిలింది, టైలరుది.

అయినా ఊరుకోలేదు. ఉన్నదానితోనే మూసెయ్యకూడదని నోటు రాశాను. నిద్ర మానుకుని రాశాను. మీటింగులో ఫైలు తెరిచారు. నా నోటు మీద, అన్నిటికన్నా పైన, నంబరు వేసి, ముద్ర కొట్టి, చక్కగా ట్యాగు కట్టి, నీ ఉత్తరం. మంత్రి కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివాడు. "ఒరేయ్ బుడ్డోడా" అని. గదంతా నవ్వు. "నువ్వు నా తమ్ముడివే అయితే ఆ ఫైలు ఆపు" దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "ఎవరండీ ఈ బుడ్డోడు?" అన్నాడు. ఏం చెప్పను? "నేనే సార్. మా అక్క" అన్నాను. ఇక లేవక ఏం చేస్తాను? నేను లేచాక నా నోటు కూడా ఫైల్లోంచి తీసేశారు, బంధువు రాసిందని. కారిడార్‌లో నిలబడ్డాను. తలుపు వెనక నీ వర్క్‌షాపు పోతోంది. లోపల ఎవరో జోకు వేశారు, మళ్ళీ నవ్వారు.

మూడో మనిషికి చూపించకూడదన్నది మన ఇంటి రూలు. నువ్వు ప్రభుత్వం మొత్తానికి చూపించావు. ఆఫీసు అడ్రసు ఇచ్చింది నేనే, ఒప్పుకుంటాను. కవరు మీద "సొంత విషయం" అని రెండు ముక్కలు రాయడానికి నీకేం వచ్చింది? ఆ గుమాస్తా కాగితం నేను చూడనైనా లేదు. నోటీసు వెలువడేదాకా నీతో ఉత్తరం ముక్క కూడా కూడదని న్యాయ విభాగం వాళ్ళు కట్టడి చేశారు, అందుకే నోరు మూసుకున్నాను.

బయట పేపర్లలో నేను అమ్మకాల అధికారిని. లోపల అక్క ఉద్యోగం కోసం ఫైలు తొక్కిపెట్టినవాణ్ణి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి తవ్వింది పేపరువాళ్ళు, గొయ్యి తవ్వింది నువ్వు. జూన్ మీటింగుకి కూడా నేను వెళ్ళకూడదు. నువ్వు అక్కడ జీతం తీసుకుంటున్నంతకాలం ఆ గదిలో అడుగుపెట్టడానికి వీల్లేదని రాసిచ్చారు. చేతులు కాలాయి, ఇప్పుడు ఆకులు వెతుక్కుందాం ఇద్దరం.

క్వార్టర్స్ ఇచ్చారు. అడ్రసు వెనక రాశాను. ఇకనుంచి ఇంటికి రాయి, దయచేసి.

బుడ్డోడు

---

మే 30

ఒరేయ్ బుడ్డోడా,

నీ ఉత్తరం చదివి మొదట నా మీద కోపం వచ్చింది. చెంపలు వాయించుకుందామంటే చేతులకి ప్లాస్టరు ఉంది. కడుక్కునేలోపు మళ్ళీ నీ మీదే కోపం వచ్చింది. ఎందుకో చెబుతాను, కుదురుగా విను.

నా ఉత్తరం వల్ల లేచానంటున్నావు. ఉత్తరం రాకముందు నేను నీ అక్కని కానా? చేరిన రోజు సంతకం పెట్టానని, అది చదివితే హాయిగా ఉందని నాకు రాశావే! మరి మా ఫైలు నీ బల్ల మీదికి వచ్చిన రోజునే "అక్కడ మా అక్క పనిచేస్తోంది" అని ఎందుకు చెప్పలేదు? చెప్పకుండా నోటు రాస్తూ కూర్చున్నావు. అంటే నన్ను దాచావు. మళ్ళీ టై మార్చుకున్నావు, ఈసారి మాకోసం మార్చుకున్నావు, అంతే తేడా. ఒకవేళ గెలిచేవాడివే అనుకో. రేపో మాపో ఎవడో ఒకడు తవ్వి తీసేవాడు, "కార్యదర్శి అక్క కోసం ఆపిన వర్క్‌షాపు" అని. అప్పుడు దాన్ని దేవుడు కూడా కాపాడలేడు. ఆ బుద్ధి బ్యాంకులో వదిలేసి రారా అంటే కారు ఒక్కటే వదిలేసి వచ్చావు.

సరే. నీ ప్రశ్నల అమ్మాయిని పిలిపించాను. క్షమించమని నోరు రాలేదు, టీ ఇచ్చి బిస్కెట్లు పెట్టాను. ఆవిడ బకెట్టు ఎక్కడుందో చూసుకుని మరీ కూర్చుంది. కమ్మీల గదిలో వరసగా అందర్నీ అడిగింది. కూరగాయల బండివాడు, లెక్కల టీచరు, ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని వచ్చే ఆవిడ, అందరూ చెప్పారు. లెక్కల టీచరైతే తన కాలు లెక్క తానే వేసి, ఆ అమ్మాయి లెక్కలో తప్పు పట్టుకుంది. కాగితాలన్నీ డైరెక్టరు గారి ద్వారా, పద్ధతి ప్రకారం, మీ ఆఫీసుకి వచ్చాయి. నంబరు పడే ఉంటుంది.

ఇంకో కాగితం కూడా వచ్చింది, దానికీ నంబరు వేయించు. నా రాజీనామా.

అరవకు. నాన్న నిద్రపోతున్నాడనుకో.

నేను జీతం తీసుకుంటున్నంతకాలం నువ్వు ఆ గదిలోకి వెళ్ళకూడదన్నావు. ఇప్పుడు తీసుకోవట్లేదు. ముందుగా రిటైరవుతానంటే పింఛను ఇస్తామన్నారు డైరెక్టరు గారు. అది తీసుకుంటే మళ్ళీ నాకు లాభం ఉందంటారని, ఏమీ లేకుండా ఉత్తి చేతులతో వచ్చేశాను. పింఛను మాట నువ్వు ఎత్తావంటే నీ గుమాస్తా భాషలో జవాబిస్తాను. అచ్చులు చెక్కే ఆకురాయి నా తర్వాతి సీనియరు చేతిలో పెట్టాను. పిడి నా చేతికి అరిగిన ఆకురాయి అది. అది అందుకుంటూ ఆ సీనియరమ్మాయి ఏడ్చింది. నేను ఏడవలేదు, కోపంలో ఉంటే నాకు ఏడుపు రాదు. ఇంటికొచ్చాక వచ్చింది.

మంత్రి బల్ల మీదికి నా గురించి ఉన్నదంతా రాసివ్వు. ఉన్నది, లేనిది, మానేసింది, అన్నీ. అప్పుడు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో. ఈసారి లేచావంటే మాత్రం నాకు నీ మొహం చూపించకు.

అక్క

---

జూన్ 17

అక్కా,

నన్ను ఒక్క మాట అడిగావా? ఒక్క మాట! అడిగితే వద్దంటానని తెలిసే అడగలేదు. నీ కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. కాళ్ళు అతికించే పని చేస్తూ కూడా నాలుగోది ఒప్పుకోవు. నీ రాజీనామా సంగతి ఫైల్లో చూసి తెలుసుకున్నాను. పీఏ ఆవిడ దానికి నంబరు వెయ్యడానికి ముద్ర ఎత్తి, నా మొహం చూసి, "కాసేపాగి వేస్తాను సార్" అంది. ఆ ఆఫీసులో ఒక కాగితం ముద్ర లేకుండా మధ్యాహ్నం దాకా ఉండటం అదే మొదటిసారి అనుకుంటాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. మీటింగు మొదలవగానే నిలబడి, నా అక్క అక్కడ ఇన్నేళ్ళు పనిచేసిందనీ, నేను మొదట్లోనే చెప్పకపోవడం తప్పనీ, ఇప్పుడు ఆమెకి అక్కడ జీతం గానీ పింఛను గానీ లేవనీ, చదివి వినిపించాను. మంత్రి అన్నాడు, "అయితే ఇవాళ లేచి వెళ్ళిపోరా?" అని. "లేవను సార్" అన్నాను. కూర్చున్నాను.

కూర్చున్నాక మాత్రం, అక్కా, బ్యాంకులో నేర్చుకున్న విద్యంతా బయటికి తీశాను. జాగా ఒక్కసారే అమ్ముడుపోతుంది, కాలు వేసుకున్న మనిషి రోజూ పనికి వెళ్తాడు, ఏది ఖరీదో మీరే చెప్పండి అన్నాను. కొనేవాళ్ళ తరఫున వచ్చిన కుర్రాడు మెరిసే కాగితాలు పంచాడు. అలాంటి కాగితాలు నేనూ పంచినవాణ్ణే, వాటిలో ఏ పేజీలో ఏం దాస్తారో నాకు తెలుసు. ఆ పేజీ తిప్పమన్నాను. తిప్పలేకపోయాడు. "నేను జీవితమంతా ముక్కలు చేసి అమ్మినవాణ్ణి సార్. ఏ ముక్క తీస్తే మిగతాది చస్తుందో నాకు తెలుసు. ఇది ఆ ముక్క" అన్నాను. గొంతు పెరిగింది, నాన్న లేస్తాడేమో అనిపించేంత. లెక్కల టీచరు లెక్కని మంత్రి కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివాడు.

నోటీసు వెనక్కి తీసుకున్నారు. వర్క్‌షాపు అక్కడే ఉంటుంది. జాగా అమ్మరు. సంతకాలయ్యాయి, నంబరు పడింది.

ఇక నా కోపం. మీటింగవగానే న్యాయ విభాగానికి వెళ్ళి, మా అక్కని మళ్ళీ ఎప్పుడు చేర్చుకుంటారని అడిగాను. మీరు ఈ కుర్చీలో ఉన్నంతకాలం కుదరదన్నారు. చేర్చుకుంటే ఈ తీర్పే చెల్లదంటారట. వర్క్‌షాపు ఉంది, అందులో నువ్వు లేవు. ఇదేం గెలుపు? అన్నం తినబుద్ధి కావట్లేదు. నీ మరదలు కూడా కోపం మర్చిపోయి నన్ను బతిమాలుతోంది.

నా రాజీనామా రాసి సొరుగులో పెట్టాను. బ్యాంకువాళ్ళు మళ్ళీ రమ్మని కబురు చేస్తూనే ఉన్నారు. నేను ఇక్కడి నుంచి లేస్తే నువ్వు అక్కడ చేరొచ్చు. నువ్వు ఊఁ అంటే రేపే ఇచ్చేస్తాను. మన ఇంటి రూలు తెలుసుగా, జవాబు రాసి తీరాలి.

నీ బుడ్డోడు

---

జూన్ 24

ఒరేయ్ బుడ్డోడా,

ఇది కావాలనే కార్డు మీద రాసి, కావాలనే ఆఫీసు అడ్రసుకి పంపుతున్నాను. దారిలో ఎవరు చదువుకున్నా నాకేం దాపరికం లేదు.

టైలరుకి కొత్త కాలు కుదిరింది. మా సీనియరమ్మాయి కుదిర్చింది, మడమ దగ్గర కాస్త ఎక్కువ చెక్కింది, నేను బెంచీ మీంచి అరిస్తే సరిచేసింది. అవును, రోజూ వెళ్తున్నాను. గేటు లోపల వచ్చిన జనం కూర్చునే బెంచీ ఒకటుంది. దాని మీద కూర్చుని అరవడానికి జీతం లేదు, కాబట్టి మీ రూలూ లేదు. ఆకురాయి ముట్టుకోను. చేతులు ఊరుకోవట్లేదు, ఒళ్ళో పెట్టుకుని అదుముకుంటున్నాను. కోపం ఇంకా పోలేదు, ఎప్పటికి పోతుందో తెలియదు.

సొరుగులో ఉన్న ఆ కాగితం చింపెయ్. నేను వదులుకున్నది నువ్వు మళ్ళీ కారిడార్‌లో టైలు మార్చుకుంటూ తిరగడానికి కాదు. ఇలాంటి ఫైళ్ళు ఇంకా వస్తాయి, వాటిలో ఎవరి అక్కా ఉండదు, ఎవరూ "ఒరేయ్" అని రాయరు. అప్పుడు ఆ గదిలో ఎవరో ఒకరు ఉండాలి.

మీ పీఏ ఆవిడని ఈ కార్డుకి నంబరు వెయ్యమను. నువ్వడిగినదానికి నా జవాబు ఇదే:

కూర్చో.

అక్క